తిట్లు లేని ఉత్తరం

ఆ రోజు నేను చేసిన తప్పు ఏమిటంటే, ఒకామె చెప్పిన ఉత్తరాన్ని నేను బాగు చేశాను.

వినడానికి అదేమంత తప్పులా ఉండదు. చాలా రోజులు నాకూ అట్లా అనిపించలేదు. ఇప్పుడు కథలు రాసే పిల్లలు మా ఇంటికి వచ్చి, "సార్, బాగా రాయాలంటే ఏం చేయాలి?" అని అడిగితే నేను పుస్తకాల పేర్లు చెప్పను. ఈ ఉత్తరం సంగతి చెప్తాను. మొన్న ఒకమ్మాయి, "దీన్ని రాసిపెట్టండి సార్, మీరు చెప్పిన ప్రతిసారీ కొంచెం మారిపోతోంది" అంది. నిజమే. చెప్పిన ప్రతిసారీ నా తప్పు కొంచెం చిన్నదవుతోంది. అందుకే పూర్తిగా చిన్నదైపోకముందే రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. కువైట్‌లో, సులైబియాలో ఒక గోడౌన్‌లో స్టోర్ క్లర్కు పని. పైపులు, వాల్వులు, సిమెంటు పలకలు. పోయే ప్రతి లారీకీ డెలివరీ పుస్తకంలో కింద కార్బన్ కాగితం పెట్టి చీటీ రాయాలి. పైది డ్రైవరుకు, కిందిది మాకు. ఆ పని మీద నాకు పెద్ద గౌరవం ఉండేది కాదు. ఎందుకంటే నావి రెండు కథలు వారపత్రికలో అచ్చయ్యాయి. రెండింట్లోనూ నాయిక సముద్రం వైపు చూస్తూ నిలబడుతుంది. రెండూ రాసేనాటికి నేను సముద్రం చూడలేదు. మాది కడప.

శుక్రవారాలు మా జిల్లావాళ్ళు నా చేత ఉత్తరాలు రాయించుకునేవారు. మంచి మాటలు వేసి రాస్తాడని నాకు పేరు. ఆ పేరు వల్లనే ఇంకో పనికి కూడా నన్ను పిలిచేవారు. అక్కడ మనవాళ్ళెవరైనా చనిపోతే శవం ఇల్లు చేరడానికి వారాలు, నెలలు పట్టేది. ఒక్కసారిగా చెప్తే ఇంట్లోవాళ్ళు తట్టుకోలేరని, రూమువాళ్ళు ఆ పోయినవాడి పేరు మీదే ఒకటో రెండో మెత్తని ఉత్తరాలు రాయించేవారు. "ఒంట్లో నలతగా ఉంది, మీరు ధైర్యంగా ఉండాలి" అని మొదలుపెట్టి, మెల్లగా మనసు సిద్ధం చేసి, ఆ తర్వాత అసలు కబురు. మంచి ఉద్దేశంతోనే చేసేవారు. అట్లాంటివి నేను మూడు రాశాను. మూడూ చాలా అందంగా రాశాను.

1990 ఆగస్టు మొదట్లో ఇరాకు సైన్యం వచ్చింది. మూడో రోజుకు మా గోడౌన్‌లో ఒక్క వాల్వు మిగల్లేదు. నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, ఎటు పోయాడో తెలియదు. నేను ఒక చేతిసంచీ, సగం వాడిన డెలివరీ పుస్తకం పట్టుకుని బ్నీద్ అల్ గార్‌లో మావాళ్ళు ఉండే పాత బిల్డింగుకు చేరాను. కింద రెండు గదుల్లో పదకొండుమంది మగవాళ్ళం. పైన ఒక గదిలో, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు ఆరుగురు. ఫోన్లు లేవు, టపా లేదు. వీధి చివర సైనికుల చెక్‌పోస్టు. బయటికి పోతే భయం. లోపల మాత్రం ఇంతమందిమి ఒకచోట ఉండటంతో పెళ్ళి విడిదిలాగే ఉండేది. ఎవరో ఒకరు ఖుబ్జ్ రొట్టెల కోసం బేకరీ ముందు లైన్లో నిలబడేవారు, మిగిలినవాళ్ళు వంట గురించి కొట్లాడుకునేవారు. గోధుమపిండితో సంగటి చేస్తానని ఒకాయన రెండు రోజులు పట్టుబట్టి, మూడో రోజు చేశాడు. దాన్ని తినలేకపోయాం గానీ, కిటికీ అద్దం పగిలినచోట మెత్తితే గట్టిగా పట్టుకుంది.

పైగదిలో ఉన్న ఆరుగురిలో ఒకామెది రాయచోటి. నలభైకి దగ్గరపడిన మనిషి. ఆమె పనిచేసే ఇంటివాళ్ళు ఎండాకాలం సెలవులకని వేరే దేశం పోయి, అక్కడే చిక్కుకుపోయారు. వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఈమె పాస్‌పోర్టును ఇనప బీరువాలో పెట్టి తాళంచెవి తనతో తీసుకుపోయింది. ఈమె పదిరోజులు ఆ పెద్ద ఇంట్లో ఒక్కతే ఉండి, సైనికులు పక్కింటి గేటు విరగ్గొట్టిన రోజు, ఒక మూటతో నడిచి వచ్చేసింది. గొంతు పెద్దది. పైన ఆమె నవ్వితే కింద మాకు వినిపించేది.

మాకు తెలిసిన టైలర్ ఒకాయన ఉండేవాడు. ఆయనదీ రాయచోటే. ముస్లిం. మా అందరికీ టైలర్ భాయ్. ఆయనకు బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోయే బస్సులో చోటు దొరికింది. అక్కడినుంచి విమానంలో బొంబాయి. మధ్యాహ్నం బస్సు. పొద్దున వచ్చి, "ఇండ్లకు ఉత్తరాలు రాసియ్యండి, తీస్కపోతా" అన్నాడు. చెక్‌పోస్టుల్లో కాగితాలు కనిపిస్తే ఏమంటారో తెలియదు కాబట్టి, తన పాత కోటు లోపలి గుడ్డ విప్పి, అందులో ఉత్తరాలు పరిచి, మళ్ళీ కుట్టేస్తానన్నాడు.

"ఈ ఎండలో కోటు ఎవడేసుకుంటాడు భాయ్?" అన్నారెవరో.

"ఏసుకునేది ఎవడు? చేతిమీద ఏసుకుంటా. టైలరోని చేతిమీద కోటుంటే ఎవడడుగుతాడు మియా?"

తొమ్మిదిమంది ఉత్తరాలు రాయించుకోవాలనుకున్నారు. నేను డెలివరీ పుస్తకం తీసి, చీటీల వెనకవైపు రాయడం మొదలుపెట్టాను. కింద కార్బన్ పెట్టాను. అలవాటుకొద్దీ పెట్టానని అప్పుడు అన్నాను గానీ అది అబద్ధం. నా మనసులో వేరే ఆలోచన ఉంది. యుద్ధంలో నుంచి పుట్టిన ఉత్తరాలు. కాపీలు నా దగ్గర ఉంటే, ఇంటికి పోయాక వారపత్రికకు పంపొచ్చు.

ఆరోదో ఏడోదో వంతు రాయచోటి ఆమెది.

"ఏం రాసే అబ్బీ, నా పని చూస్తావా ల్యాదా?"

"కూర్చో అక్కా. తొందరగా చెప్పు."

"తొందరేంది? యుద్ధమేమన్నా వచ్చిందా?"

గదిలో అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, నిలబడే మొదలుపెట్టింది.

"మా యక్కకు రాయల్ల. రాయచోటి బస్టాండు కాడ కారం దోసెలు పోస్తాది. ఈడ మనోళ్ళంతా సచ్చిపోయినారని ఎవరో ఒకరు దాని చెవిన ఏసే ఉంటారు. నేను బతికుండానని దానికి తెలిస్తే సాలు, అంతే. నాకు అది తప్ప ఎవరూ ల్యారు, దానికి నేను తప్ప ఎవరూ ల్యారు. ఆ మాట మాత్రం రాయొద్దు. నెత్తికెక్కుతాది."

"సరే అక్కా."

"ఇంగ రాయి. ఓ గూబ మొగందానా..."

"అక్కా, ముందు 'ప్రియమైన అక్కకు' అని పెట్టాలి."

"ఎవరికి ప్రియమైన? అట్ల రాస్తే వేరే ఎవరికో వచ్చిందనుకుంటాది. గూబ మొగమనే రాయి. ఓ గూబ మొగందానా, నేను సావల్యా. నువ్వు నా పెట్టె తెరిచి కనకాంబరం రంగు చీర తీయబల్యా. తీసే ఉంటావు. తీసింటే కట్టుకో, మళ్ళా మడిచేటప్పుడు కలరా ఉండలు ఏసిపెట్టు. కారంలో ఎర్రగడ్డలు తగ్గిస్తాండావని నాకు తెలుసు. ఈ కువైట్‌లో కూసోనుండే దానికి తెలిసిందంటే, తినేవాళ్ళకు తెలీదా? మోకాళ్ళకు నూనె పూసుకో. పూసుకోకపోతే ఈడ్చుకుంటా తిరుగు, నాకేమి. నేను పోయినానని ఎవడన్నా వచ్చి చెప్తే, వాని మొగాన పిండి గిన్నె కుమ్మరించు. రాస్తాండావా?"

"రాస్తున్నా."

నేను రాస్తూనే ఉన్నాను. కానీ ఆమె చెప్పింది కాదు. బయట యుద్ధం జరుగుతోంది, ఈమె ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయల గురించి మాట్లాడుతోంది అనుకున్నాను. పాపం, చదువులేని మనిషి, లోపల ఏముందో చెప్పుకోలేకపోతోంది, ఆ లోపలిది నేను రాయాలి అనుకున్నాను. రాసింది ఇది:

"ప్రియమైన అక్కకు, ఆకాశమంతా నల్లని పొగ కమ్ముకున్నా నా మనసు తెల్లని పావురమై నీ గుమ్మం ముందు వాలుతోంది. నేనెక్కడున్నా నీ చల్లని నీడలోనే ఉంటాను. నాకోసం కన్నీరు పెట్టవద్దు. ధైర్యంగా ఉండు."

"చదువు ఒకతూరి" అంది ఆమె.

వాకిట్లో టైలర్ భాయ్ సూదిలో దారం పెట్టుకుని నిలబడ్డాడు. "యల్లా, రైటర్ సాబ్! బస్సు మనకోసం ఆగదు" అన్నాడు. నిజానికి ఇంకా గంటన్నర టైముంది. చదవొచ్చు. చదివితే ఆమె ఒప్పుకోదని నాకు తెలుసు.

"నువ్వు చెప్పింది చెప్పినట్టే రాశాను అక్కా."

ఆమె కాగితం తీసుకుని, నా గుండ్రటి అక్షరాలను చూసింది. "నా మాటలు రాస్తే ఇంత సక్కగా ఉంటాయా!" అంది.

"ఉంటాయి" అన్నాను.

టైలర్ భాయ్ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను చేసింది ఇంకా సిగ్గుపడాల్సిన పని. ఆమె పైకి వెళ్ళాక, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆమె గొంతుతో ఆ ఉత్తరం మొత్తం మావాళ్ళకు చేసి చూపించాను. గూబ మొగం నుంచి పిండి గిన్నె దాకా. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అప్పటినుంచి పొద్దుపోనప్పుడల్లా, "రాయచోటి ఉత్తరం చెయ్యి" అని అడిగేవారు. నెల రోజుల్లో ఇరవై సార్లన్నా చేసి ఉంటాను. బయట తుపాకులు వినబడినప్పుడు కూడా ఒకసారి చేశాను. ఒక్కసారీ ఎవరికీ విసుగు రాలేదు. అట్లా విసుగు రాకపోవడం ఎందుకో ఆలోచించాల్సింది. నేను రాసిన పావురం ఉత్తరాన్ని మళ్ళీ చదవమని ఎవరూ అడగలేదు. అది కూడా నాకు తట్టలేదు.

సెప్టెంబరులో నాకూ బస్సు దొరికింది. ఆమెకు ఇంకా కాగితాలు రాలేదు. పాస్‌పోర్టుకు బదులు ఎంబసీవాళ్ళు ఇచ్చే కాగితం కోసం పేరు రాయించుకుని ఎదురుచూస్తోంది. నేను బయలుదేరేటప్పుడు మెట్ల మీదికి వచ్చి, "అబ్బీ, రాయచోటికి పోయి మా యక్క కాడ దోసె తిను. నా పేరు చెప్తే రెండోది ఊరకనే పెడ్తాది. మూడోదానికి తిడ్తాది" అంది. తప్పకుండా పోతానన్నాను.

పోలేదు. బాగ్దాద్, ఎడారి గుడారాలు, విమానం, రైలు దాటి కడప చేరాక, రెండు రోజులు పడుకున్నాను. మూడో రోజు లేచి టేబుల్ ముందు కూర్చున్నాను. తొమ్మిది కార్బన్ కాపీలు ముందు పెట్టుకుని, వారపత్రికకు పంపడానికి శుభ్రంగా ఎత్తి రాయడం మొదలుపెట్టాను. కడప నుంచి రాయచోటి బస్సులో ఎంతసేపు? ఆ పని ముందు చేయాలని నాకు అనిపించలేదు.

రాయచోటి ఆమె ఉత్తరం ఎత్తి రాస్తుండగా, నేను వచ్చానని తెలిసి టైలర్ భాయ్ వచ్చాడు. చెప్పులు విప్పుతూనే, "ఏం రాసినావు రైటర్ సాబ్ ఆ ఉత్తరంలో?" అన్నాడు.

"ఏ ఉత్తరం?"

"దోసెలామెది. సదివింది నేనే, అంగడి కాడ, తినేవాళ్ళందరి ముందరా. పావురం అనేతలికి ఆయమ్మ అట్లకాడ కింద పెట్టేసింది. కన్నీరు పెట్టొద్దు అనేతలికి పొయ్యిలో నీళ్ళు పోసింది. ఆ పొద్దు నుంచి అంగడి తెరవల్యా."

నాకు అర్థం కాలేదు. క్షేమంగా ఉందనే కదా రాశాను అన్నాను.

"యాడ రాసినావు క్షేమమని? పావురమని రాసినావు. వాళ్ళ వీధిలో ఒక పిల్లోడు రెండేండ్ల కింద కువైట్‌లో లిఫ్టు గుంతలో పడి పోయినాడు, యాదుండాదా? వానింటికి మొదట మెత్తని ఉత్తరం వచ్చింది. రాసింది ఎవరు?"

నేనే. అది నా మూడింటిలో రెండోది.

"అందులోనూ పావురమేనంట గదా" అన్నాడు టైలర్ భాయ్.

ఉంది. తెల్లని పావురమే. గుమ్మం ముందే వాలింది. బాగుంది కదా అని మళ్ళీ వాడుకున్నాను.

"నా కండ్లతో సూసినా తల్లీ, రాయిలాగ ఉండాది అని చెప్పినా. 'రూమోళ్ళంతా అట్లనే చెప్తారు నాయనా, నువ్వేం జేస్తావులే' అనింది నాతోనే. 'అది పుట్టినప్పట్నుంచి నన్ను తిట్టకుండా ఒక్క మాట మాట్లాడల్యా. తిట్లు ల్యాకుండా దాని ఉత్తరం వచ్చిందంటే అది ల్యానట్టే' అనింది."

టేబుల్ మీద పావురం నల్లసిరాతో, శుభ్రమైన కాగితం మీద, ఇంకా ఆరకుండా ఉంది. చదువులేని మనిషి లోపల ఉన్నది చెప్పుకోలేకపోతోంది అనుకున్నాను. ఆ తిట్లే లోపల ఉన్నది. ప్రతి తిట్టు కిందా ఒక అడ్రసు ఉంది, అది ఒక్క మనిషికే చేరుతుంది. నేను దాన్ని తీసేసి, ఎవరింటి ముందైనా వాలగల పావురాన్ని పెట్టాను.

చొక్కా వేసుకుని టైలర్ భాయ్‌తో బస్సెక్కాను.

రాయచోటి బస్టాండు పక్క సందులో, రేకుల కింద అంగడి. బెంచీలు తలకిందులుగా పెట్టి ఉన్నాయి. వెనక గది అరుగు మీద ఆ అక్క కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. కళ్ళు పెద్దవి, గుండ్రం. గూబ అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో చూడగానే తెలిసింది. పక్కన ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు.

టైలర్ భాయ్, "ఇతనే అమ్మా, రాసింది" అన్నాడు.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "పావురాలోడివి నువ్వేనా?" అంది.

"నేనేనమ్మా. తప్పు చేశాను. మీ చెల్లెలు చెప్పింది అది కాదు. నేనే మార్చి రాశాను. ఆమె బాగుంది. కాగితాలు రాగానే వస్తుంది."

"మంచిది సామీ" అంది. నమ్మలేదు. ఆ మర్యాదే చెప్పింది నమ్మలేదని. "అట్లయితే అదేం చెప్పింది?"

"మీ ఆరోగ్యం జాగ్రత్త అంది. మోకాళ్ళకు..."

"నాకు మోకాళ్ళ నొప్పులని ఈ వీధిలో అందరికీ తెలుసు."

"పెట్టెలో చీర ఉంది కదా, దాన్ని..."

"పెట్టెలో చీరలు కాక ఏముంటాయి సామీ?"

నేను మళ్ళీ అదే పని చేస్తున్నాను. ఆమె మాటల్ని తోమి, ఆరబెట్టి, మడతపెట్టి ఇస్తున్నాను. నిజమే చెప్తున్నా, అబద్ధంలాగే ఉంది. ఇంక దారి లేదు. లేచి నిలబడ్డాను. నడుం మీద చెయ్యి పెట్టుకున్నాను. బిల్డింగులో ఇరవై సార్లు చేసిన పనే. అక్కడ నవ్వించడానికి చేశాను. ఇక్కడ నమ్మించడానికి చేయాలి.

"ఓ గూబ మొగందానా! నేను సావల్యా!"

పక్కనున్న ఆడవాళ్ళు ఉలిక్కిపడ్డారు. టైలర్ భాయ్ "యా అల్లా" అని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అక్క కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి.

"నువ్వు నా పెట్టె తెరిచి కనకాంబరం రంగు చీర తీయబల్యా. తీసే ఉంటావు!"

"నేనెందుకు తీస్తా దాని చీర!" అందామె గట్టిగా. "ఒక్కతూరి కట్టినా! ఒక్కటే తూరి!"

"కట్టుకో, మళ్ళా మడిచేటప్పుడు కలరా ఉండలు ఏసిపెట్టు. కారంలో ఎర్రగడ్డలు తగ్గిస్తాండావని నాకు తెలుసు!"

"ఎవురు చెప్పినారు దానికి? దాని నోరు పడ! ఎర్రగడ్డల ధర దానికి తెలుసునా? ఆడ ఏసీలో కూసోని నాకు చెప్తాదా?"

ఆమె అరుగు దిగింది. నాతో కాదు, చెల్లెలితో కొట్లాడుతోంది. కొట్లాడుతూ కొట్లాడుతూ ఏడుస్తోంది. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం రావడం లేదు.

"మోకాళ్ళకు నూనె పూసుకో. పూసుకోకపోతే ఈడ్చుకుంటా తిరుగు, నాకేమి!"

దానికి ఆమె మోకాలు తడుముకుంది. నా చెయ్యి పట్టుకుని, "ఇంగేమన్నా చెప్పిందా?" అంది మెల్లగా.

ఉంది. చెప్పకుండా ఉంటే నాకు మంచిది. కానీ మళ్ళీ తగ్గించి చెప్పే ధైర్యం నాకు లేదు.

"నేను పోయినానని ఎవడన్నా వచ్చి చెప్తే, వాని మొగాన పిండి గిన్నె కుమ్మరించు అంది."

ఆమె నన్ను చూసింది. వెనక్కి తిరిగి ఖాళీ గిన్నెలను చూసింది. "పిండి రుబ్బల్యా. బతికిపోయినావు పో" అంది. అప్పుడు నవ్వింది. చెల్లెలి నవ్వే. బస్టాండు దాకా వినిపించి ఉంటుంది.

ఒక్క మాట మాత్రం నేను చెప్పలేదు. ఒకరికొకరు తప్ప ఎవరూ లేరన్న మాట. అది రాయొద్దని ఆమె చెప్పింది. కనీసం అదన్నా ఆమె చెప్పినట్టు చేశాను.

కథలు రాసే పిల్లలకు నేను చెప్పేది ఇక్కడినుంచే. మీరు స్నేహితులను నవ్వించడానికి చెప్పే మాట ఒకటుంటుంది, కాగితం ముందు కూర్చుని రాసే మాట ఇంకొకటుంటుంది. మొదటిదాంట్లో మనుషులు ఉంటారు, రెండోదాంట్లో మనం ఉంటాం. నాకైతే అట్లాగే జరిగింది. నేను నెల రోజులు ఒక మంచి ఉత్తరాన్ని నోట్లో పెట్టుకుని తిరిగాను, చెడ్డదాన్ని పోస్టు చేశాను. మీ దగ్గర ఏమీ లేదని, మీకు భాష రాదని భయపడకండి. భాష వచ్చిన నేను ఏం చేశానో చెప్పాను కదా. మీ ఇంట్లో ఎవరు ఎట్లా తిడతారో మీకు తెలుసు. అక్కడ మొదలుపెట్టండి. రాసినదాన్ని ఆ మనుషుల ముందే గట్టిగా చదవండి. వాళ్ళు ఎదురు జవాబు చెప్తే ఆ రాత బతికినట్టు. "మంచిది సామీ" అన్నారంటే ఇంకోసారి రాయండి.

మూడు వారాల తర్వాత ఆమె వచ్చింది. కబురు తెలిసి నేను రాయచోటి పోయేసరికి, అక్కాచెల్లెళ్ళిద్దరూ అంగడిలో ఉన్నారు, దోసెలు కాలుతున్నాయి, ఎర్రగడ్డల దగ్గర గొడవ జరుగుతోంది. నేను ఆమె ముందు నిలబడి అంతా చెప్పాను. చదవమంటే చదవకుండా తప్పించుకున్నది, కార్బన్ కాపీ, రూములో వేళాకోళం చేసింది, అన్నీ.

ఆమె వింటూ దోసె తిప్పింది. "టైముందని తెలిసీ సదవల్యానా?" అంది. అన్నింటిలో అది ఒక్కటే అడిగింది.

"చదవలేదు అక్కా."

కాలిన దోసె తీసి తినేవాళ్ళకు ఇచ్చింది. తర్వాత, "నా మాదిరి చేసి చూపిచ్చినావంట గదా. ఏదీ, చెయ్యి" అంది.

"ఇక్కడా?"

"ఈడే. చేసినప్పుడు సిగ్గులేకపోతే ఇప్పుడేంది?"

తినేవాళ్ళందరూ ఆగి చూస్తున్నారు. చేశాను. సగంలో ఆపింది. "అట్ల కాదు. 'నాకేమి' అనేది అంత గట్టిగా అనగూడదు. మొగం పక్కకు తిప్పుకోని అనల్ల. మళ్ళా చెప్పు." మళ్ళీ చెప్పాను. మూడోసారికి ఒప్పుకుంది. నా కథల్ని దిద్దినవాళ్ళలో ఆమెలాగా దిద్దినవాళ్ళు తర్వాత ఎవరూ దొరకలేదు. దోసె పెట్టింది. రెండోది కూడా పెట్టింది. తింటుంటే, "తక్కినోళ్ళవి కూడా ఇట్లనే రాసినావా?" అంది.

అట్లాగే రాశాను. తొమ్మిదింటిలో తొమ్మిదీ. రాయచోటికి మొదటిసారి వచ్చిపోయిన మర్నాటి నుంచే నేను ఆ పని మీద ఉన్నాను. వారపత్రికకు ఎత్తి రాసినవి చింపేశాను గానీ, కార్బన్ కాపీలు ఉంచుకున్నాను. వాటిమీద అడ్రసులు ఉన్నాయి. ఆమె అడిగేనాటికి ఐదిళ్ళు అయ్యాయి. మిగిలినవి ఆ నెలలోనే తిరిగాను. ప్రతి ఇంట్లోనూ ఒకటే చెప్పాను: ఆ ఉత్తరం నాది, మీ మనిషిది కాదు, మీ మనిషి చెప్పినవాటిలో నాకు గుర్తున్నవి ఇవి. కొందరివి బాగా గుర్తున్నాయి. ఒకాయనది ఒక్క ముక్క కూడా గుర్తులేదు. గుర్తులేదనే చెప్పాను. వాళ్ళ నాన్న, "పోనీలే నాయనా, వాడు మామూలుగానే ఏం మాట్లాడడు" అని మజ్జిగ ఇచ్చాడు.

చివరి ఇల్లు పీలేరు దగ్గర. ఆ ఇంటి ఇల్లాలి భర్త, నా చేత ఉత్తరం రాయించుకున్నవాడు, అప్పటికే బొంబాయి చేరి, అక్కడే వడ్రంగి పని చూసుకున్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాక, ఆమె లోపలికి పోయి ఒక ఇన్‌లాండ్ లెటర్ తెచ్చి నా ముందు పెట్టింది. "వచ్చినావు గదా, ఆయనకు రాసిపెట్టు" అంది. నేను రాశాను. మధ్యలో "ఉండు, పాలు పొంగుతాండాయి" అని లేచి పోయింది. అది కూడా రాశాను. అయ్యాక మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను. ఒక మాట బాగాలేదంది. అది ఆమె చెప్పిన మాటే, నాది కాదు. కొట్టేసి, ఆమె చెప్పిన కొత్త మాట పైన రాసి, అదొక్కటే మళ్ళీ చదివి వినిపించాను. సరే అంది. అంటించి, పోతూ పోతూ పోస్టు డబ్బాలో వేశాను.